టాప్ రైడర్ ఉన్నా టీమ్ ఎందుకు ఓడుతోంది? కబడ్డీలో ఏ అంకెలు రాసుకోవాలి

మాస్టారూ, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: హైస్కూల్ అబ్బాయిల కబడ్డీ టీమ్ మీది. మండలం దాటుతున్నారు, జిల్లాలో సెమీస్‌కో ఫైనల్‌కో వెళ్ళి ఓడిపోతున్నారు. మ్యాచ్‌కి పది, పన్నెండు పాయింట్లు తెచ్చే రైడర్ (కూతకు వెళ్ళేవాడు) ఒకడున్నాడు, అయినా గట్టెక్కడం లేదు. నెట్‌లో వెతికితే నలభై రకాల పెర్ఫార్మెన్స్ ఇండికేటర్లు కనబడ్డాయి, వాటిలో ఏవి పట్టుకోవాలో తేలలేదు. చేతిలో ఉన్నవి ఒక ఫోన్, ఒక నోట్‌బుక్, రాసిపెట్టే ఇద్దరు పిల్లలు.

అవి చాలు. కబడ్డీ జట్లకు వీడియోలు చూసి లెక్కలు కట్టడం చాలా ఏళ్ళుగా నా పని. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్నచోట చేశాను, ఎక్సెల్ షీటుతో నెట్టుకొచ్చిన చోటా చేశాను. ఒక్క కాలమ్ మాత్రమే రాయగలం, ఏది రాయమంటారు అని ఎవరు అడిగినా ఒకటే చెబుతాను: ప్రతి రైడ్ మొదలయ్యే సమయానికి కోర్టులో మనవాళ్ళు ఎంతమంది, ఎదుటివాళ్ళు ఎంతమంది. మిగతా అంకెలు దీని పక్కన కూర్చుంటేనే మాట్లాడతాయి. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగే అవుతుంది.

స్కోరుబోర్డు మీద బోనస్ (ఎదుటి కోర్టులోని బోనస్ లైన్ దాటి అడుగు వేసి రావడం) ఒక పాయింటే, టచ్ (ఎదుటివాణ్ణి ముట్టుకుని రావడం) కూడా ఒక పాయింటే. కానీ టచ్ చేస్తే ఎదుటివాడు ఒకడు బయటికి పోతాడు, బయట ఉన్న మనవాడు ఒకడు లోపలికి వస్తాడు. బోనస్‌తో ఈ రెండూ జరగవు. కూతకు వెళ్ళినవాడు దొరికిపోతే మొత్తం తిరగబడుతుంది: వాళ్ళకో పాయింట్, మన రైడర్ బెంచీ మీదికి, వాళ్ళవాడొకడు కోర్టులోకి. ఏడుగురూ అయిపోతే ఆలౌట్, పాత ఆటగాళ్ళ మాటలో లోనా, అదనంగా 2 పాయింట్లు. ఇక ఎదురుగా ఆరుగురు, అంతకంటే ఎక్కువ ఉంటేనే బోనస్ లైన్ పనిచేస్తుంది. ముగ్గురు, అంతకంటే తక్కువ ఉన్నప్పుడు మన రైడర్‌ను పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, వాళ్ళకు 2 పాయింట్లు. ఒక్కడే మిగిలి ఉంటే వాణ్ణి ముట్టుకుని వస్తే మనకు 1, ఆలౌట్‌తో కలిపి 3.

ఇప్పుడు ఒకే రైడర్‌ను తీసుకోండి. ఎదురుగా ఏడుగురు ఉన్నప్పుడు వాడికి బోనస్ అనే సులువైన దారి ఉంది, కానీ చుట్టూ మనుషులు ఎక్కువ. ముగ్గురే ఉన్నప్పుడు ఖాళీ స్థలం ఎక్కువ, కానీ దొరికితే రెట్టింపు నష్టం. రెండుచోట్లా సగం సగం విజయం సాధించాడని 'రైడ్ సక్సెస్ 50 శాతం' అని రాసేస్తే ఆ అంకెలో ఆట కనబడదు. ముగ్గురి మీద సగంసార్లు టచ్ తెచ్చి సగంసార్లు దొరికినవాడు, పాయింట్ల లెక్కలో టీమ్‌కు నష్టమే చేశాడు: రెండు రైడ్లకు వచ్చింది 1, పోయింది 2.

మీ రైడర్ సంగతికి వద్దాం. అర్థం కావడానికి ఊహించిన అంకెలు రాస్తున్నాను, ఇవి మీ పిల్లలవి కావు. రాము 25 సార్లు కూతకు వెళ్ళి 12 పాయింట్లు తెచ్చాడు, 7 సార్లు దొరికాడు. సోము 14 సార్లు వెళ్ళి 8 తెచ్చాడు, 2 సార్లు దొరికాడు. పేపర్లో ఫొటో రాముదే పడుతుంది. తెచ్చినదాంట్లోంచి పోగొట్టినది తీసేస్తే రాముకు మిగిలింది 25 రైడ్లకు 5. సోముకు 14 రైడ్లకు 6. పైగా రాము 12లో 5 బోనస్‌లనుకోండి, వాటివల్ల బయట కూర్చున్నవాడు ఒక్కడూ లోపలికి రాలేదు. రైడ్ పాయింట్లు మాత్రమే చూడటం, కొట్టు గల్లాపెట్టెలో సాయంత్రానికి పడిన డబ్బు చూసి అదంతా లాభమే అనుకోవడం లాంటిది.

అలాగని రాము చెడ్డ రైడర్ అని తేల్చేయకండి. రాము వెళ్ళిన 25లో ఎన్ని డూ ఆర్ డై రైడ్లు? టీమ్ వరసగా రెండు రైడ్లు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే రైడర్ అవుట్. ఆ రెండు ఖాళీ రైడ్లు వేరేవాళ్ళవి కావచ్చు. మిగతావాళ్ళు లైన్ దగ్గర తిరిగి క్షేమంగా వచ్చేస్తారు, మూడోసారి బరువు మాత్రం మంచి రైడర్ నెత్తిన పడుతుంది. వాడు దొరికితే వాడి రికార్డే పాడవుతుంది, ఖాళీగా వచ్చినవాళ్ళ పేర్ల పక్కన మచ్చ ఉండదు. స్కూల్ టీముల్లో ఇది చాలా ఎక్కువ. అందుకే డూ ఆర్ డై రైడ్లను విడిగా లెక్కపెట్టాలి, దానికి ముందు రెండు ఎవరు ఖాళీగా తెచ్చారో కూడా చూడాలి. (మీ టోర్నీలో డూ ఆర్ డై, సూపర్ ట్యాకిల్ రూల్స్ అమల్లో ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి. కొన్ని స్థానిక పోటీల్లో ఇప్పటికీ పాత పద్ధతే నడుస్తోంది.)

నాకు అనుమానం ఉన్నది ఇంకోచోట. మీ రైడర్ దొరికాక తిరిగి లోపలికి రావడానికి ఎంతసేపు పడుతోంది? బయటికి వెళ్ళిన వరసలోనే లోపలికి రావాలి కాబట్టి, వాడికంటే ముందు ఇద్దరు బెంచీ మీద ఉంటే మూడు పాయింట్లు వస్తేగానీ వాడు రాడు, అవి కూడా టచ్‌వో ట్యాకిల్‌వో కావాలి. ఈలోగా రెండో రైడర్ తేలేడు, డిఫెన్స్ పట్టలేదు, ఆలౌట్ అయిపోతుంది. అప్పుడు అందరూ కలిసి లోపలికి వస్తారు, ఎదుటివాళ్ళు ఆ పాటికి ఎనిమిది పాయింట్లు ముందుంటారు. 'మేజర్ రైడర్ బయట ఉండగా మన టీమ్ ఎన్ని రైడ్లు ఆడింది, వాటిలో ఏం వచ్చింది' అన్నది ఏ వెబ్‌సైటులోనూ పెద్దగా కనబడని లెక్క. కానీ ఒక్కడి మీద ఆధారపడ్డ జట్టుకు ఇంతకంటే పనికొచ్చే అంకె నాకు తెలియదు. మొదట్లో చెప్పిన కాలమ్ రాస్తే, పక్కన రైడర్ నంబర్ ఉంటే, ఇది దానంతటదే బయటికొస్తుంది.

మన తెలుగు టైటాన్స్ గుర్తున్నారు కదా. ప్రో కబడ్డీ 8, 9, 10 సీజన్లలో ఒక్కో సీజన్‌కు 22 మ్యాచ్‌లు ఆడి వరసగా 1, 2, 2 మాత్రమే గెలిచారు. ఆ పదో సీజన్‌కు స్టార్ రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నారు. పవన్ ఏమీ విఫలం కాలేదు, సుమారు 200 రైడ్ పాయింట్లు తెచ్చాడు. టీమ్ మాత్రం అట్టడుగునే ఉండిపోయింది. తర్వాతి సీజన్ 2024లో పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైనా, విజయ్ మాలిక్ లాంటివాళ్ళు బరువు పంచుకున్నారు, జట్టు 22లో 12 గెలిచింది. దీనికి కారణం ఒక్కటే అని నేననను, మారినవి చాలా ఉన్నాయి. కానీ ఒకడి రైడ్ పాయింట్లకూ టీమ్ గెలుపుకూ మధ్య ఎంత దూరం ఉండొచ్చో చూపించడానికి మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. రికార్డుల మాటా అంతే. 2017లో పర్దీప్ నర్వాల్ తెచ్చిన 369 రైడ్ పాయింట్లు అద్భుతమే, కానీ అది 26 మ్యాచ్‌లలో. తొలి సీజన్లలో ఎంత పెద్ద రైడర్‌కైనా 26 మ్యాచ్‌లు ఆడే వీలే లేదు. మొత్తాలు పోల్చేముందు ఎన్ని మ్యాచ్‌లు, ఎన్ని రైడ్లు అని అడగాలి.

ఎన్నింటికి అన్న ఈ ప్రశ్న మరచిపోతే ఏమవుతుందో ఫుట్‌బాల్ చరిత్రలో ఒక పెద్ద పాఠం ఉంది. బ్రిటన్ వైమానిక దళంలో అకౌంట్స్ అధికారిగా చేసిన చార్ల్స్ రీప్ 1950లో ఒక లీగ్ మ్యాచ్ చూస్తూ నోట్‌బుక్‌లో ప్రతి దాడినీ గుర్తుల్లో రాయడం మొదలుపెట్టాడు. దశాబ్దాలపాటు రాశాడు. గోల్స్‌లో ఎక్కువ భాగం మూడు, అంతకంటే తక్కువ పాస్‌లతోనే వస్తున్నాయని తేల్చాడు. అంటే బంతిని త్వరగా ముందుకు తన్నేయడమే మేలన్నమాట. చాలామంది కోచ్‌లు నమ్మారు కూడా. చిక్కేమిటంటే ఫుట్‌బాల్‌లో అసలు ఎక్కువ భాగం దాడులు మూడు పాస్‌లలోపే ముగిసిపోతాయి. కాబట్టి గోల్స్ కూడా వాటిలోంచే ఎక్కువ వస్తాయి, అందులో వింతేం లేదు. 2005లో మైక్ హ్యూస్, ఇయాన్ ఫ్రాంక్స్ అనే పరిశోధకులు ప్రపంచకప్ మ్యాచ్‌ల మీద 'ఎన్ని దాడులకు ఎన్ని గోల్స్' అని మళ్ళీ లెక్కకట్టారు. బాగా ఆడే జట్లకు పొడుగు పాసింగ్‌లోనే ఫలితం మెరుగని తేలింది. రీప్ రాసిన అంకెలు తప్పు కావు. కింద పెట్టాల్సిన భాజకం లేకపోవడమే మొత్తం తేడా.

ఖాళీ రైడ్ గురించి ఒక మాట. చాలామంది కోచ్‌లు ఎంప్టీ రైడ్‌ను వైఫల్యం కింద రాయిస్తారు. మ్యాచ్ ఆఖరి రెండు నిమిషాల్లో మనం 3 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నామనుకోండి. 30 సెకన్లూ కోర్టులో తిరిగి, ఎవరికీ చిక్కకుండా లైన్ దాటి వచ్చినవాడు ఆ పూట గొప్ప పని చేసినట్టు. అదే రైడ్ మొదటి పది నిమిషాల్లో ఎదురుగా నలుగురే ఉన్నప్పుడు చేస్తే అది వృథా చేసిన అవకాశం. కాబట్టి రైడ్ పక్కన అప్పటి స్కోరు, సమయం ఉండాలి. నిమిషాలు కచ్చితంగా అక్కర్లేదు, ఆటను నాలుగు ముక్కలు చేసి ఏ ముక్కలో జరిగిందో రాస్తే చాలు. ఊపిరి అయిపోతున్న పిల్లలు కూడా ఈ కాలమ్‌లోనే బయటపడతారు. మొదటి ముక్కలో పట్టుబడని కుర్రాడు నాలుగో ముక్కలో వరసగా దొరుకుతుంటే అది టెక్నిక్ సమస్య కాకపోవచ్చు, పొద్దున్నే పరిగెత్తించాల్సిన సమస్య.

డిఫెన్స్ అంకెలు రైడింగ్ కంటే మోసకారివి. ట్యాకిల్ పాయింట్లు కార్నర్లకే (డిఫెన్స్ వరసలో రెండు చివర్లా నిలబడేవాళ్ళు) ఎక్కువ వస్తాయి, ఎందుకంటే రైడర్ కాళ్ళకు దగ్గరగా ఉండేది వాళ్ళే. ఫజల్ అత్రాచలి ప్రో కబడ్డీ ట్యాకిల్ పాయింట్ల పట్టికలో అంత పైన ఉన్నది లెఫ్ట్ కార్నర్ నుంచే. కార్నర్ ఆంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) వేస్తాడు, రైడర్ సగం లేచి లైన్ వైపు దూకుతాడు, కవర్ (మధ్య వైపు నిలబడే డిఫెండర్) వచ్చి అడ్డంగా బ్లాక్ చేస్తాడు. పాయింట్ మాత్రం మొదట పట్టినవాడి ఖాతాలో పడుతుంది. కవర్ రాకపోతే రైడర్ వెళ్ళిపోయేవాడే. అందుకని మీ షీటులో పట్టినవాడి నంబర్ పక్కన తోడు వచ్చినవాడి నంబర్ కూడా రాయించండి. రెండు వారాల్లో మీకే తెలుస్తుంది, ఎవరూ పట్టించుకోని ఒక కుర్రాడు ప్రతి ట్యాకిల్‌లోనూ రెండో నంబర్‌గా ఉంటాడు.

ట్యాకిల్ విఫలమైనప్పుడు ఎంత పోయిందో కూడా రాయాలి. ఒకడు దూకి వదిలేస్తే 1 పోతుంది. ముగ్గురు ఒకేసారి మీద పడి, రైడర్ చెయ్యి చాపి మిడ్ లైన్ అందుకుంటే ముగ్గురూ అవుట్. షీటులో రెండూ 'ఫెయిల్డ్ ట్యాకిల్ 1' అనే పడతాయి, టీమ్‌కు మాత్రం ఒకటి చీమకుట్టడం, ఇంకొకటి మ్యాచ్ పోవడం. స్కూల్ పిల్లలు ఓడే మ్యాచ్‌లలో నేను ఎక్కువగా చూసేది రెండోదే. ఎదుటివాళ్ళ స్టార్ రైడర్ రాగానే టెన్షన్‌తో అందరూ ఒకేసారి కదులుతారు.

ఇక ఒక అంకె ఆటగాడిది ఎంతో, ఎదుటివాడిదీ అంతే. మన సింధునే చూడండి. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో నొజోమి ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి 19-21, 22-20, 20-22తో ఓడింది. రెండో గేమ్ చివర్లో ఒక ర్యాలీ 73 షాట్లు సాగింది. 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో, 38 నిమిషాల్లో ఓడించింది. ఇద్దరూ వాళ్ళే, పోటీ స్థాయి కూడా అదే. మొదటి ఫైనల్లో ర్యాలీలు పొడుగు సాగడం ఒకుహారాకు ఇష్టమైన ఆట, రెండోదానిలో సింధు ఆ ఆటను సాగనివ్వలేదు. సగటు ర్యాలీ పొడుగు అని ఒక్క అంకె రాసి దాన్ని సింధు గుణంగా చెప్పడం కుదరదు. మీరూ అంతే, మండలంలో బలహీన జట్టు మీద తెచ్చిన పాయింట్లనూ జిల్లా సెమీస్‌లో తెచ్చినవాటినీ ఒకే మొత్తంలో కలపకండి. నాకు అనుభవంలో ఉన్న సులువు: బలమైన జట్ల మీద ఆడినవి ఒక పేజీ, మిగతావి ఒక పేజీ. మీ టాప్ రైడర్ అంకెలు రెండు పేజీల్లోనూ ఒకేలా ఉంటే అదృష్టవంతులు, సాధారణంగా ఉండవు.

రాయడం ఎలా అన్నారు కదా. మ్యాచ్ జరుగుతుండగా రాయించకండి, ఫోన్‌లో తీసి తర్వాత రాయించండి. మ్యాచ్ చూసి గుర్తుపెట్టుకోవడం మీద ఫ్రాంక్స్, మిల్లర్ 1986లో పరీక్ష పెడితే, జరిగిన ముఖ్య ఘటనల్లో సగం కూడా కోచ్‌లకు సరిగ్గా గుర్తులేవని తేలింది. మనం వాళ్ళకంటే గొప్పేం కాదు. ఫోన్‌ను ఎండ్ లైన్ వెనకాల వీలైనంత ఎత్తులో పెట్టండి, స్కూల్ మేడ మీదైనా సరే. కోర్టు మొత్తం ఫ్రేములో ఉండాలి, జూమ్ చేయనివ్వకండి. జూమ్ చేస్తే రైడర్ బాగా కనబడతాడు, కోర్టులో ఎంతమంది ఉన్నారో కనబడదు.

ప్రతి రైడ్‌కూ ఒక్క అడ్డ వరస: ఆట ఏ ముక్కలో ఉంది, అప్పటి స్కోరు, మనం ఎంతమంది, వాళ్ళు ఎంతమంది, ఎవరు వెళ్ళారు, డూ ఆర్ డై అయితే ఒక చుక్క, ఏం జరిగింది, ఎవరు పట్టారు, ఎవరు తోడొచ్చారు. ఏ వైపు టచ్ వచ్చిందో కూడా రాయాలనుకుంటే ఎడమ, కుడి అన్నవి డిఫెన్స్ చూపు నుంచా రైడర్ చూపు నుంచా అని ముందే ఒకటి ఖాయం చేయండి. ఇది తేల్చకుండా నింపిన షీట్లు ఎన్నో చూశాను, ఒక్కటీ వాడుకోవడానికి వీలుకాలేదు. పూర్తి సమయం వాడితే 40 నిమిషాల్లో రెండు వైపులా కలిపి 80 రైడ్ల దాకా పడతాయి. పిల్లల మ్యాచ్‌లు ఇంకా చిన్నవి. గంటన్నర పని.

అసలు చిక్కు 'ట్యాకిల్ ప్రయత్నం' అంటే ఏమిటన్నది. చెయ్యి తగిలితే ప్రయత్నమా, పట్టు వేస్తేనే ప్రయత్నమా? ఇద్దరు పిల్లలకూ ఒకే మ్యాచ్ ఇచ్చి విడివిడిగా రాయించండి. వరసలు పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో చూడండి. మొదటిసారి తేడాలు చాలా వస్తాయి, గొడవ కూడా పడతారు. ఆ గొడవల్లోంచే నోట్‌బుక్ మొదటి పేజీ తయారవుతుంది: ఏది టచ్ ప్రయత్నం, ఏది ఎంప్టీ, ఏది ట్యాకిల్ ప్రయత్నం, ఒక్కొక్క వాక్యంలో. రెండోసారి రాయించినప్పుడు పదింటిలో తొమ్మిది కలవకపోతే ఆ కాలమ్ తీసేయండి. కలవని కాలమ్ మీద శాతాలు కట్టడం దండగ.

శాతాల సంగతి వచ్చింది కాబట్టి: ఒక్క మ్యాచ్‌కు శాతాలు వద్దు. మీ రైడర్ ముగ్గురి మీద మ్యాచ్‌కు నాలుగుసార్లు వెళ్తాడేమో. నాలుగింట మూడు వస్తే 75, రెండు వస్తే 50. ఒక్క రైడ్‌తో పాతిక శాతం ఊగే అంకెతో ఎవరి గురించీ ఏమీ చెప్పలేం. '4లో 3' అని అలాగే రాయండి, ఐదారు మ్యాచ్‌లు కలిశాక చూడండి.

పిల్లలకు ఏం చూపించాలన్నది వీటన్నిటికంటే సున్నితమైన విషయం. ర్యాంకుల లిస్టు గోడకు అంటించొద్దు. ట్యాకిల్ సక్సెస్ శాతం చూస్తున్నారని తెలిస్తే డిఫెండర్ దూకడం మానేస్తాడు, దూకనివాడికి ఫెయిల్యూర్ ఉండదు కదా. రైడ్ శాతం చూస్తున్నారంటే డూ ఆర్ డై వచ్చేసరికి ఒక్కడికీ చెయ్యి లేవదు, ఒకడికి షూ లేసు ఊడుతుంది, ఇంకొకడికి మడమ నొప్పి వస్తుంది. ఒక్కొక్కరితో విడిగా, ఒక్క అంకె, దాని పక్కన రెండు క్లిప్పులు. 'ముగ్గురి మీద వెళ్ళినప్పుడు నువ్వు లెఫ్ట్ కార్నర్ వైపే తిరుగుతున్నావు, ఇదిగో చూడు' అంటే పద్నాలుగేళ్ళవాడికి వెంటనే ఎక్కుతుంది. 'రైడ్‌కు నీకు మిగిలింది 0.2' అంటే ఇంటికెళ్ళి అన్నం మానేస్తాడు.

అంకె ప్రాక్టీసులోకి కూడా రావాలి. ముగ్గురి మీద రైడ్లు పోతున్నాయని తేలితే, వారం రోజులు ఏడుగురి మీద ఆడించడం ఆపి 1 మీద 3 ఆడించండి, దొరికితే 2 పాయింట్లు పోయే రూలుతోనే. మేజర్ రైడర్ బయట ఉండగా టీమ్ కూలిపోతుంటే ప్రాక్టీస్ మ్యాచ్‌లో వాణ్ణి కావాలని ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. రెండో రైడర్ అలాగే తయారవుతాడు. వాడు మీ టీమ్‌లో ఈపాటికే ఉండి ఉంటాడు, మ్యాచ్‌కి మూడుసార్లకు మించి ఎవరూ పంపి ఉండరు.

యాప్ ఏది వాడాలని చివర్లో అడిగారు. ఇప్పుడే వద్దు. నోట్‌బుక్‌లో నాలుగు మ్యాచ్‌లు పూర్తయ్యాక గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించండి, ఫిల్టర్ పెట్టడం వస్తే చాలు. ఓడిపోయిన సెమీస్ వీడియో ఉందన్నారు కాబట్టి దాంతోనే మొదలుపెట్టి, పేర్లు తీసేసి జెర్సీ నంబర్లతో ఆ షీటు ఫొటో ఇక్కడ పెట్టండి. సెకండాఫ్ క్లిప్ కూడా జత చేస్తే ఆదివారం కూర్చుని చూస్తాను.